నాలుగు నీలం తలుపులు

నోటీసు మీద ఉన్న ఫోటో అగ్గిపెట్టె కంటే పెద్దది కాదు. ఉదయలక్ష్మి దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుని చూసింది. తన ఇల్లే. వసారా మెట్ల దగ్గర నుంచి గేటు దాకా చెప్పుల వరస. పిట్టగోడ మీద ఆరేసిన పసుపు చీరలు, పసుపు పంచెలు. పక్క సందులో గోడను ఆనుకుని నాలుగు నీలం ప్లాస్టిక్ తలుపులు. వాటిలో ఒకటి ఓరగా తెరిచి ఉంది.

ఫోటో కింద ఇంటి నంబరు, యజమాని మునిచంద్ర పేరు, నూట నాలుగు చదరపు మీటర్ల విస్తీర్ణం. దాని కింద ‘వినియోగం’ అనే గడి. పోయిన సంవత్సరం దాకా అందులో ‘నివాసం’ అని ఉండేది. ఇప్పుడు ‘నివాసేతరం’ అని ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో లాడ్జి, వసతి గృహం. ఆరు నెలలకు పదమూడు వందల పన్నెండు రూపాయలుండే ఇంటి పన్ను ఐదు వేల రెండు వందల నలభై అయింది. అభ్యంతరాలున్నవారు వచ్చే బుధవారం ఉదయం పదకొండు గంటలకు పురపాలక కార్యాలయంలో హాజరు కావాలి.

ఆమె నోటీసును నాలుగు మడతలు పెట్టి ఉప్పు డబ్బా కింద పెట్టింది. మళ్ళీ తీసి ఇంకోసారి చదివింది. తప్పు ఎక్కడుందో చూడకుండా ఏ కాగితాన్నీ పక్కన పెట్టడం ఆమెకు చేతకాదు. కరెంటు బిల్లయినా, పాల కార్డయినా అంతే.

“ఏమే ఉదయా, లాడ్జీ పెట్టినావంట. మాకు చెప్పనే లేదే,” అని గోడ అవతల నుంచి రాఘవమ్మ కేక వేసింది. ఆమె చేతిలో కరివేపాకు రెమ్మలున్నాయి. ఆకులు దూస్తూనే మాట్లాడుతోంది.

“నీకెవరు చెప్పిరి రాఘవక్కా?”

“నోటీసు తెచ్చినాయన అడ్రసు మా ఇంటికాడే అడిగినాడు. మంచిదే పో. రూముకు ఎంత? ఇంక బోర్డొకటే తక్కువ.”

“నీకైతే సగం రేటుకే ఇస్తాలే,” అని ఉదయలక్ష్మి లోపలికి వచ్చేసింది. నవ్వుతూనే అన్నది గానీ, స్టవ్ మీది పప్పు దించేటప్పుడు గిన్నె గట్టుకు కొట్టుకుంది.

చిత్తూరు నుంచి తిరుపతి పోయే రోడ్డు మీద ఉండే చిన్న ఊరు అది. సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే తమిళుల పెరటాసి నెలలో గుడియాత్తం, వేలూరు వైపు నుంచి తిరుమలకు నడిచి పోయేవాళ్ళు ఆ రోడ్డు మీదుగానే పోతారు. స్వామికి ఇష్టమైన శనివారానికి కొండ చేరాలని లెక్కపెట్టుకుని, గురువారం మధ్యాహ్నానికి ఆ ఊళ్ళో దిగుతారు. అత్తగారు ఉన్నప్పటి నుంచీ ఆ ఇంటి వసారాలో ఎండ తగ్గేదాకా నడుం వాల్చి, మజ్జిగ తాగి, సాయంత్రం మళ్ళీ నడక మొదలుపెడతారు. దానికెవరూ ఎప్పుడూ పేరు పెట్టలేదు. ‘నడిచేవాళ్ళు వస్తా ఉండారు’ అనేవాళ్ళు, అంతే. నీలం తలుపులు మాత్రం ఉదయలక్ష్మి పెట్టించినవి. మూడేళ్ళయింది.

మధ్యాహ్నం మునిచంద్ర భోజనానికి వచ్చాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. చేతుల గ్రీజును బట్టల సోడాతో రుద్దుకుంటూ, భార్య మోచేత్తో చూపించిన చోటు నుంచి నోటీసు తీసి చదివాడు.

“ఏడాదికి ఎనిమిది వేలు జాస్తి,” అన్నాడు. “అయిందా? ఇద్దరుండే ఇంటికి బయట నాలుగు, లోపల ఒకటి. ఐదు లెట్రిన్లు. ఎవడు చూసినా లాడ్జీ అనే అంటాడు.”

“చూసినోడు అడగొచ్చు కదా.”

“గవర్మెంటు యాడ అడుగుతాది ఉదయా? రాసుకోని పోతాది.” పీట మీద కూర్చుని కంచం దగ్గరకు లాక్కున్నాడు. “నేనొక మాట చెప్తా, కోప్పడద్దు. వచ్చేవాళ్ళను తలకు ఇరవై రూపాయలు ఇయ్యమను. వాళ్ళూ ఏమీ అనుకోరు. పన్ను దాంట్లోనే పోతాది.”

ఆమె పప్పు వడ్డించింది. నెయ్యి వేసింది. చెంచా డబ్బాలో పెట్టి మూత బిగించింది.

“అప్పుడు నోటీసు నిజమైపోతాది,” అంది.

అతను ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమిలాడు. “సరే, తీసుకోవద్దు. ఈసారికి చెంగయ్యకు ఫోన్ చేసి వేరే యాడన్నా దిగమని చెప్పు. తలుపులకు తాళాలేస్తాం. బుధవారం పోయి ఇంగ లేదు సార్ అని చెప్తే మార్చేస్తారు.”

ఆమె ఫోన్ చేయలేదు. చెంగయ్యే శనివారం పొద్దున ఫోన్ చేశాడు. ముప్పై ఏళ్ళుగా గుడియాత్తం గుంపును నడిపించుకొస్తున్న పెద్దాయన. ఆయన ఫోన్లో మాట్లాడితే ఆ పక్క నుంచి ఊరంతా వినబడుతుంది.

“అమ్మా, ఈ తడవ అరవై రెండు మందిమి! ఆడోళ్ళే ముప్పై ఎనిమిది. పోయినేడు వచ్చినోళ్ళు అక్కచెల్లెళ్ళను కూడా పిల్చుకోని వస్తాండారు. ఎందుకో తెలుసునా తాయీ? స్వామి కోసరం కాదు, నీ ఇంటికాడ కక్కసులుండాయని!” అని పెద్దగా నవ్వాడు.

మునిచంద్ర ఎదురుగా నిలబడి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఉదయలక్ష్మి అతని చేతి వైపే చూస్తూ, “రాండి. గురువారం మజ్జిగ చేసి పెడతా,” అంది.

సోమవారం ఆమె వార్డు సచివాలయానికి పోయింది. ఒక గదిలో నాలుగు బల్లలు, ఒక ఫ్యాను. ఫ్యాను కింద బల్ల ఖాళీగా ఉంది. మూల బల్ల దగ్గర కోమలి, మెడలో గుర్తింపు కార్డు, ముందర ట్యాబు. పాతికేళ్ళుంటాయి. ఇల్లిల్లూ తిరిగి కొలతలు, ఫోటోలు ఎక్కించే పని ఆ అమ్మాయిది. ఉదయలక్ష్మిని చూడగానే లేచి నిలబడింది. వెంటనే ఎందుకు లేచిందో తెలియనట్టు కూర్చుంది.

పెరటాసి మొదటి శనివారానికి ముందు గురువారం ఈ అమ్మాయే ఇంటికి వచ్చింది. పన్నెండు గంటల ఎండ. వసారా నిండా నడిచేవాళ్ళు. గేటు దగ్గర టేపు పట్టుకుని నిలబడి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, “అక్కా, బాత్రూం...” అని ఆగిపోయింది. సందులో నాలుగు తలుపుల ముందూ పసుపు చీరల వరస ఉంది. ఉదయలక్ష్మి ఏమీ చెప్పకముందే వరసలో ఉన్న ఒక పెద్దామె ఆ పిల్లను భుజం పట్టి ముందుకు తోసింది. “ఉద్యోగం చేసే బిడ్డ. ముందు పోనీండి.” లోపలి నుంచి వచ్చాక ఆ పిల్ల ముఖం కడుక్కుని, రెండు గ్లాసుల మజ్జిగ తాగి, ఇల్లు కొలిచి, రోడ్డు మీద నిలబడి ఫోటో తీసుకుని పోయింది.

“లాడ్జీ అని నువ్వే రాసినావా పాపా?” అని అడిగింది ఉదయలక్ష్మి, కూర్చోకుండానే.

“నేను రాయలేదక్కా. మరుగుదొడ్లు ఐదు అని మాత్రం కొట్టినా. పైన ఆఫీసులో ఫోటో సూసి, ఇదేంది, లాడ్జీనా అన్నారు. నేను అవునన్లేదు.”

“కాదన్నావా?”

కోమలి ట్యాబు అంచును బొటనవేలితో తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు.

“కాదనీ అన్లేదు,” అంది.

పక్క బల్ల దగ్గర ఎవరో పింఛను కోసం వేలిముద్ర వేస్తున్నారు. మిషను మాటిమాటికీ కీచుమంటోంది. కోమలి ముందుకు వంగి గొంతు తగ్గించింది. “అక్కా, ఒక దారుండాది. ఆ నాలుగు తలుపులూ ఊడదీసేయండి, రెండు దినాలకే. లోపల కట్టెలు, పాత సామాన్లు ఏమన్నా పెట్టండి. నేనొచ్చి సామాన్ల గది అని ఫోటో తీస్తా. బుధవారంలోపల అయిపోతాది. మీరు ఆఫీసుకు కూడా పోబళ్ళేదు. తర్వాత మళ్ళా తగిలించుకోండి, ఎవురు సూస్తారు?”

ఆ పిల్ల మంచికే చెబుతోందని ఉదయలక్ష్మికి తెలుస్తూనే ఉంది. ఆ అమ్మాయి కళ్ళ కింద నల్లగా ఉంది. బల్ల కింద టిఫిన్ డబ్బా, దాని పక్కన సగం కూడా తాగని నీళ్ళ సీసా.

“నేను నీకు తలుపు తీసినప్పుడు అది ఏ గది పాపా?”

వేలిముద్ర మిషను మళ్ళీ కీచుమంది. ఉదయలక్ష్మి నోటీసును సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది. ఎండలో నాలుగడుగులు వేశాక, మాట కొంచెం గట్టిగా అన్నానేమో అనిపించింది. అన్న మాటలో తప్పు మాత్రం కనిపించలేదు.

మంగళవారం పొద్దున మునిచంద్ర డ్యూటీకి పోకముందే ఆమె అతని సామాన్ల పెట్టెలోంచి స్టీలు టేపు తీసింది. “ఆ కొన పట్టుకోండి.”

“ఏంది కొలిచేది? నూట నాలుగని వాళ్ళే రాసినారు కదా.”

“పట్టుకోండి మీరు.”

ఇంటిని బయటి గోడల వెంబడి చుట్టూ కొలిచారు. క్యాలెండరు చింపిన కాగితం వెనక ఆమె అంకెలు వేసుకుంది. ఇల్లు నూట నాలుగుకు సరిపోయింది. తర్వాత సందులోకి వచ్చింది. నాలుగు గదుల వరస పొడుగు ఇరవై అడుగులు, వెడల్పు ఆరు. ఒకటో తలుపు దగ్గర టేపు కొన జారింది. “గోడ మందం కూడా రావాల. అంచుకు పెట్టండి,” అంది. అతను అంచుకు పెట్టాడు. ఆమె హెచ్చవేసి, మీటర్లలోకి మార్చి, మళ్ళీ ఒకసారి సరిచూసింది. పదకొండుంపావుకు కొంచెం తక్కువ.

“ఇది వాళ్ళ కొలతలో లేదు,” అంది. “లెక్కబెట్టినారు గానీ కొలవలేదు.”

“మంచిదేగా! నోరు మూసుకో.”

“లాడ్జీ అన్నందుకేమో నోరు తెరవాల, ఇందుకు మూసుకోవాలనా?”

“నీతో కాదబ్బా,” అని అతను టేపు వదిలేశాడు. అది సర్రున చుట్టుకుంటూ వచ్చి ఆమె వేలికి తగిలింది. అతను కంగారుగా వేలు పట్టుకుని చూశాడు. గీరుకుంది, అంతే. నోట్లో పెట్టుకోమని చెప్పి, డిపోకు టైమవుతున్నా అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు.

“రేపు వాళ్ళు అడిగేది ఒకటే,” అన్నాడు. “దుడ్డు తీసుకోలేదని రుజువేంది అంటారు. నడిచేవాళ్ళు యాడుంటారు రేపటికి? రోడ్డు మీద ఉంటారు. రాఘవమ్మ చెప్తే పక్కింటామె అంటారు. ఆ కోమలి ఉండాది కదా. ఆ దినం వచ్చి వాడుకోని పోయింది కదా. అందరి ముందర నిలబెట్టి అడుగు, ఎంత ఇచ్చినావమ్మా అని. దెబ్బకు తెగిపోతాది.”

ఉదయలక్ష్మి కాగితం మడుస్తూ ఆగింది. ఆ ఆలోచన ఆమెకు నిన్ననే వచ్చింది. రాత్రి అన్నం కలుపుతున్నప్పుడూ వచ్చింది.

“పదిమంది మొగోళ్ళ ముందర, ఆడబిడ్డను, కక్కసుకు పోయినావా లేదా అని అడిగేదా?” అంది. “అడగను.”

“మరి ఎట్ల గెలుస్తావు?”

“ఎట్ల గెలుస్తానో నాకు తెలీదు. అట్ల గెలవను.”

ఆ రోజంతా ఆమె గదులు కడిగింది. బ్లీచింగ్ పొడి చల్లి, కొబ్బరి చీపురుతో మూలలు గీకి, నాలుగింట్లోనూ నాలుగు కొత్త మగ్గులు కొక్కేలకు తాడుతో కట్టింది. నీళ్ళ ట్యాంకరుకు చెప్పింది. సాయంత్రం కూర్చుని తెల్ల కాగితం మీద అర్జీ రాసింది. మొదటిసారి రెండు పేజీలు వచ్చింది. చదువుకుని, బతిమాలినట్టున్న వాక్యాలన్నీ కొట్టేసి, తిరగరాసింది. ఒక పేజీకి సరిపోయింది.

బుధవారం పదకొండు గంటలని రాశారు గానీ రెవెన్యూ ఆఫీసరు రామలింగయ్య పన్నెండుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి. జేబులో రెండు పెన్నులు, చేతిలో మందుల చీటీ. హాల్లో ఇరవై మంది దాకా ఉన్నారు. నలుగురు తప్ప అందరూ మగవాళ్ళే. ఒక పక్క బెంచీ మీద వార్డుల సిబ్బంది ట్యాబులతో కూర్చున్నారు. ఆ వరస చివర కోమలి ఉంది.

నాలుగో పేరుగా మునిచంద్ర పేరు పిలిచారు. ఉదయలక్ష్మి లేచింది.

“మునిచంద్ర యాడమ్మా?”

“డ్యూటీలో ఉండాడు సార్. ఇంట్లో ఉండేది నేను. ఏది ఎట్లుందో నేనే చెప్పాల.”

రామలింగయ్య కంప్యూటరు తెరలో ఫోటో చూశాడు, అర్జీ చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. “ఇంట్లో ఎంతమంది?”

“ఇద్దరం సార్. కూతురు బెంగళూరులో ఉద్యోగం, అప్పుడప్పుడు వస్తాది.”

“ఇద్దరికి ఐదు లెట్రిన్లా తల్లీ? మా ఇంట్లో నలుగురం. ఒకటే ఉండాది.”

హాల్లో నవ్వులు లేచాయి. ఉదయలక్ష్మి నవ్వులు ఆగేదాకా నిలబడింది.

“అందుకేనేమో సార్, పదకొండుకు రావాల్సినోళ్ళు పన్నెండుకు వస్తిరి.”

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. వెనక ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. రామలింగయ్య ముఖం ఒక క్షణం బిగిసి, తర్వాత అతనికే నవ్వొచ్చి పెన్ను మూత తీశాడు. “సరే, చెప్పు. ఎందుకు కట్టినావు?”

“మూడేళ్ళ కింద సార్, ఇదే నెలలో. వాన. చీకటి పడతాండాది. నడిచి వచ్చినోళ్ళలో ఒక పెద్దామె, పోయేదానికి చోటు లేక, రోడ్డు పక్క ఆపిన లారీ చాటున కూర్చునింది. వెనకాల ఇంకో లారీ ఉండాది. ఆ డ్రైవరుకు తెలియదు పాపం, లైట్లు వేసినాడు. ఆమె లేవనూ లేకపోయింది, కూర్చోనూ లేకపోయింది. మా వసారాలోంచి నేను చూసినా. అరవై మంది చూసినారు.” ఆమె సంచిని ఇంకో చేతికి మార్చుకుంది. “మిద్దె మీద గది వేయాలని చీటీ కట్టుకుంటా ఉంటిమి. ఆ చీటీ పాడుకోని వీటిని కట్టించినా. ఒక్క రూపాయి ఎవరి దగ్గరా తీసుకోలేదు.”

రామలింగయ్య కొంచెంసేపు పెన్నుతో కాగితం మీద చుక్కలు పెట్టాడు. “నేను కాదన్లేదమ్మా. మంచి పనే. కానీ నేను రికార్డు మీద రాయాల. వసతి ఉండాది, జనం దిగతా ఉండారు, ఫోటో ఉండాది. ఉచితం అని నువ్వు చెప్పేది తప్ప నా దగ్గర ఏముండాది? రేపు నిజం లాడ్జీ వాడు వచ్చి, నాదీ ధర్మమే సార్ అంటే? రుజువేంది?”

“తీసుకోనే లేని దుడ్డుకు రసీదు యాడ తెచ్చేది సార్?”

“అదే నేనూ అడిగేది.”

ఆమె చేతిలోని సంచి పిడిని రెండు వేళ్ళకు చుట్టుకుంది. బెంచీ చివర వైపు చూడకూడదని తనకు తనే చెప్పుకుంది. చూస్తే అడిగినట్టే అవుతుంది. గోడ మీద గడియారం వైపు చూసింది.

“అట్లయితే నివాసేతరమే ఉంచాల్సొస్తాది,” అన్నాడు రామలింగయ్య. “కావాలంటే పైకి అప్పీలు...”

“సార్.”

కోమలి నిలబడి ఉంది. ట్యాబు గుండెకు ఆనించి పట్టుకుంది.

“లాడ్జీ కాదు సార్.”

“నీకెట్ల తెలుసు?”

“నేను పోయినా సార్.” ఆ మాట అన్నాక ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా కూర్చోలేదు. “సర్వేకు పోయిన దినం. ఆ అక్క ఇంట్లో లెట్రిన్‌కు పోయినా. దుడ్డు అడగలేదు. మజ్జిగ కూడా ఇచ్చినారు. అక్కడ వరసలో ఉండే ఆడోళ్ళు కూడా ఎవురూ ఇయ్యలేదు, నేను సూసినా. మీరు ఆ పొద్దు లాడ్జీనా అంటే నేను గమ్మునుండిపోయినా. అది నా తప్పు సార్.”

ఎవరో నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగిపోయింది.

“ఆఫీసులో పోయి ఉండొచ్చు కదా,” అన్నాడు రామలింగయ్య, ఏదో ఒకటి అనాలన్నట్టు.

“మా సచివాలయంలో ఉండేది ఒకటే సార్. దానికి నీళ్ళు లేవు, ఆరు నెలలయింది. రాసి పెట్టినా. పొద్దున ఎనిమిదికి బయట పడితే రెండు గంటల దాకా ఇళ్ళ మీదనే తిరగాల. ఎవుర్ని అడిగేది? అందుకే నీళ్ళు తాగం.”

బెంచీ మీద ఉన్న ఇంకో ఇద్దరు ఆడపిల్లలు తలలు దించుకున్నారు. వాళ్ళలో ఒకరు మెల్లగా, “అవును సార్,” అంది. మగవాళ్ళందరూ ఎవరి కాగితాలు వాళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. రామలింగయ్య కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచాడు. పెట్టుకుని మళ్ళీ తీసి తుడిచాడు.

“నువ్వు చెప్పింది రాసిస్తావా?”

“రాసిస్తా సార్.”

“రాసియ్యి. తేదీ వెయ్యి.” అర్జీ మీద ఏదో రాసి సంతకం పెట్టాడు. ఉదయలక్ష్మి తలకిందుగానే ఆ మాట చదివింది. నివాసం.

“సరేనా తల్లీ? పో ఇంక.”

“ఇంకొకటుండాది సార్.” ఆమె సంచిలోంచి క్యాలెండరు కాగితం తీసి బల్ల మీద పెట్టింది. “మీ కొలతలో ఆ నాలుగు గదులూ రాలేదు. ఇరవై ఇంటూ ఆరు. మీటర్లలో పదకొండు పాయింటు ఒకటి ఐదు. మా రేటుకు నూట నలభై రూపాయలు చిల్లర జాస్తి వస్తాది. అది వెయ్యండి.”

రామలింగయ్య కాగితాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. “ఈడికి అందరూ తగ్గించమనే వస్తారమ్మా.”

“ఉండేది కట్టేదానికి నాకు కష్టం లేదు సార్. లేనిది రాస్తేనే కష్టం. అవి మా ఇంట్లోవే. ఇంటితోబాటే రాయండి.”

అతను కాగితాన్ని అర్జీకి కలిపి గుచ్చాడు. పంపించే ముందు మాత్రం వేలు చూపించి చెప్పాడు. “కొత్త ఫోటో ఎక్కించాల. కోమలి వస్తాది. చెప్పులు, గుడ్డలు అవీ ఏమీ లేకుండా, ఇల్లు ఇల్లు మాదిరి కనపడాల. బోర్డు గీర్డు పెట్టొద్దు. పెడితే నేను మారినాక వచ్చేవాడు మళ్ళా లాడ్జీ అంటాడు.”

“ఎప్పుడు పంపిస్తారు సార్?”

“రేపే.”

“రేపు మంచిదే,” అంది ఉదయలక్ష్మి.

ఇంటికి పోతూ ఆమె దారిలో పెయింటు అంగడి దగ్గర ఆగింది.

గురువారం పదకొండున్నరకు అరవై రెండు మందీ దిగారు. ముందు చెంగయ్య గోవిందా అన్నాడు. వెనక అందరూ అన్నారు. వసారాలోకి రాగానే ఒక్కొక్కరూ గోడకు చేరబడిపోయారు. ఉదయలక్ష్మి ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళ టబ్బులు రెండు మెట్ల దగ్గర పెట్టింది. పాదాలు పెట్టిన వాళ్ళు కళ్ళు మూసుకున్నారు. మునిచంద్ర డిపోకు సెలవు పెట్టాడు. ఎందుకు పెట్టాడో చెప్పలేదు. మజ్జిగ బకెట్టు మోస్తూ, “తలకు రెండు గ్లాసులే అప్పా, మూడోది అడిగితే లాడ్జీ బిల్లు వేస్తా,” అని నవ్విస్తున్నాడు.

సందు మొదట్లో గోడకు ఒక రేకు బోర్డు తగిలించి ఉంది. తెల్ల రంగు మీద నీలం అక్షరాలు. నీలం తలుపుల రంగే. అక్షరాలు పొద్దున ఆరింటికి రాసింది. చివరి గీత ఇంకా తడిగానే ఉంది. రాఘవమ్మ గోడ అవతల నుంచి మెడ సాచి, కూడబలుక్కుని చదివింది.

“ఆడవాళ్ళకు. అన్ని దినాలూ. డబ్బు లేదు.” మళ్ళీ చదివింది. “అన్ని దినాలూనా? పెరటాసి అయిపోయినాక కూడానా?”

“అయిపోయినాక కూడా. ఎదురుగానే బస్టాపుండాది కదా రాఘవక్కా. పూలమ్ముకునే వాళ్ళుండారు.”

“కడిగేదెవరు?”

“నేను. నువ్వు వారానికి ఒక దినం పట్టుకుంటే నువ్వు కూడా.”

“నేనేంది మధ్యలో!” అంది రాఘవమ్మ. తల వెనక్కి తీసుకుంది. కాసేపయ్యాక అక్కడి నుంచే, “మంగళవారం అయితే సూస్తా,” అనే మాట వినబడింది.

పన్నెండు దాటాక కోమలి వచ్చింది. గేటు బయటే ఆగి, చెప్పుల వరస చూసింది. పిట్టగోడ మీద ఆరేసిన పసుపు గుడ్డలు చూసింది. తర్వాత బోర్డు చదివింది.

“అక్కా,” అంది ఏడుపు, నవ్వు కలిసిన గొంతుతో. “సార్ ఏమీ లేకుండా తియ్యమన్నాడు.”

“ఇల్లు ఇల్లు మాదిరి కనపడాలన్నాడు కదా. ఇదే మా ఇల్లు. ఉండేది ఉండేటట్ల తియ్యి. బోర్డు కూడా పడాల.”

కోమలి ట్యాబు ఎత్తింది. బోర్డు పట్టలేదు. రెండడుగులు వెనక్కి వేసింది, మళ్ళీ ఒకటి వేసింది. రోడ్డు అంచుకు వచ్చేసింది. బస్సొకటి హారను కొట్టి పక్కనుంచి పోయింది. ఆమె కదలకుండా నిలబడి, వసారా, చెప్పులు, గుడ్డలు, నాలుగు తలుపులు, బోర్డు అన్నీ తెరలోకి వచ్చేదాకా చూసుకుని తీసింది. లోపలికి వచ్చి ఉదయలక్ష్మికి చూపించింది. ఫోటో కింద గడిలో ఉన్న మాట ఈసారి ఆమె పైకే చదివింది.

“వినియోగం, నివాసం.”

“ఊ.”

“ఇది కాస్త పట్టుకోండక్కా. ఎక్కతా ఉండాది. ఆపొద్దు,” అని ట్యాబు ఉదయలక్ష్మి చేతుల్లో పెట్టి కోమలి సందులోకి నడిచింది. ఒక్కో తలుపు ముందు ఐదారుగురున్నారు. మూడో వరసలో ఉన్నామె తల తిప్పి చూసి, మెడలో కార్డు గుర్తుపట్టి, పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“పనుండే బిడ్డవు. ముందు పో తల్లీ.”

“లేదవ్వా. మీరు నడిచొచ్చినారు,” అంది కోమలి. “నేను వరసలోనే వస్తా.”

పోయి అందరికంటే వెనక నిలబడింది.